కుండ కింది ఇసుకలో

సిరిసిల్ల, 1991

గౌరవనీయులైన ఎస్సై గారికి,

మీ లాకప్‌లో ఉన్న, సాంచాల మీద బట్ట నేసే పరశురాములు భార్య రాయునది.

మా నీళ్లకుండ కింది ఇసుకలో మీకు దొరికిన సూదిమందు అడవిలోని అన్నల కోసం దాచింది కాదు. పిల్లలు పుట్టాలని డాక్టరమ్మ నాకు రాసింది. చల్లగా ఉండాలని అక్కడ పెట్టాం.

ఆ మందు వికటించి అండాశయాలు వాచాయి, పొట్టలో నీరు చేరింది. వారంలోనే ఆరో నెలలా కనిపిస్తున్నాను. ఊపిరాడటం లేదు. కరీంనగర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లడానికి ఆయన్ను వదలండి.

నమ్మకుంటే వచ్చి చూడండి. మా అత్తమ్మ ముందు మాత్రం అది నీరని అనకండి. ఆమె కడుపనే అనుకుంటోంది. కొడుకును మీరు జీపెక్కించినప్పటి నుంచి నా పొట్ట మీద చెయ్యి తీయడం లేదు.

"వాడు రాకున్నా, గీ లోపలోడు అస్తడు" అంటోంది.