అమ్మగారు ఎక్కాల్సిన రైలు

సెప్టెంబరు 5

ఇవాళ కూడా తొలి గిన్నె అన్నం అమ్మగారికే. పొగలు పోకముందే తెల్ల గుడ్డ చుట్టిన పెట్టె ముందు పెట్టాలి, అగరొత్తి వెలిగించాలి. వాళ్ళ జపాన్ పద్ధతి. పెట్టెలో ఆవిడ ఎముకలు... సగమే. మిగతా సగం అక్కడ, ఆవిడ పుట్టింటి ఊళ్ళో. నిరుడు పోయినప్పుడు మొత్తం వదిలి రాలేక సార్ సగం దోహాకి తెచ్చుకున్నారు. మొదట్లో ఆ గది గుమ్మంలోంచే తుడిచి వచ్చేసేదాన్ని. ఇప్పుడు తుడుస్తూ కబుర్లు చెబుతున్నాను. ఎవరైనా వింటే పిచ్చెక్కిందంటారు.

సెప్టెంబరు 8

సార్ చెల్లెలు ఫోటోలు పంపింది. వాళ్ళ ఊరి జంక్షన్. పాత స్టేషను పడగొట్టి అద్దాల మేడ కట్టారు. పైన స్పీడు రైళ్ళు, కింద షాపులు. సార్ ఫోటో పెద్దది చేసి వెతుకుతున్నారు — చివరి ప్లాట్‌ఫారం. అమ్మగారి ఊరికి చిన్న రైలు అక్కణ్ణించే. నెలాఖరుకి ఆ లైను మూసేస్తారట. ప్లాట్‌ఫారం ఉన్నచోట కార్లు పెట్టుకుంటారట. ఫోను బోర్లించేశారు.

సెప్టెంబరు 9

టీ ఇస్తుంటే చెప్పారు. కాస్త ఇంగ్లీషు, మిగతాదంతా చేతులు. ఆ జంక్షన్లో పెద్ద రైలు రెండుగా విడిపోయేదట — ముందు బోగీలు సముద్రం వైపు, వెనక బోగీలు కొండల్లోకి. మా నిడదవోలు వైపు లింకు బోగీల్లాగే. పెళ్ళికాని రోజుల్లో అమ్మగారు పొరపాటున ముందు బోగీ ఎక్కి నిద్రపోయారు. లేచేసరికి సముద్రం! ఎదుటి సీట్లో సార్. వెనక్కి తీసుకొచ్చి ఆవిణ్ణి కొండల రైలు ఎక్కించారు. అదీ పరిచయం. చెబుతూ నవ్వారు. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు చూసి.

పోయేముందు ఆవిడ అడిగిందొకటే. ఆ రైల్లోనే ఇంటికి తీసుకెళ్ళమని. సగం తీసుకెళ్ళారు. ఈ సగం కూడా అందులోనే దింపుతానని మాటిచ్చారు. ఇంకెప్పుడు...

సెప్టెంబరు 13

విమానం ఎక్కడానికి వీల్లేదన్నారు డాక్టరు. గుండె తట్టుకోదట. తీసుకెళ్ళిన డ్రైవరు యాదగిరి వంటింట్లోకొచ్చి చెప్పాడు. "డాక్టర్ మాఫీ, కుదరదు అన్నడక్కా. సార్ లిఫ్ట్‌ల గోడ వట్టుకొని నిలవడ్డరు."

ఇక్కడ కూడా నిజం రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను? నాకు ప్రాణం కుదుటపడింది. సార్ వెళ్తే తిరిగి రారు. ఇల్లు ఖాళీ, నా డ్యూటీ ఖాళీ. అమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత కంచం పక్కకి నెట్టేశాను.

సెప్టెంబరు 17

ఉక్క. ఊపిరాడ్డం లేదు. సార్ భోంచెయ్యలేదు.

సెప్టెంబరు 20

"నేను తీసుకెళ్తాను సార్" అనేశాను. వెనకా ముందూ చూసుకోకుండా.

ఆయన లేచి నిలబడి నడుం వంచి నమస్కారం పెట్టారు. నాకు! వంటమనిషికి! తర్వాత మెల్లగా, ఎప్పటిలా నా పేరుకి వాళ్ళ 'గారు' తగిలించి — "సత్యసాన్, వీసా."

అవును కదా, వీసా. నేను గుమ్మం దాటాలన్నా ఎవరో స్టాంపు కొట్టాలి.

కిటికీ వైపు తిరిగారు. జన్మంతా తనూ ఇదే పని చేశానన్నారు. పాత స్టేషను కొట్టడం, కొత్తది కట్టడం. ఇక్కడికొచ్చిందీ మెట్రో పనికే. ప్లాట్‌ఫారం మీద ఎవరు ఎవరికోసం నిలబడ్డారో ఒక్కసారీ అడగలేదట.

సెప్టెంబరు 24

చెల్లెలు ఉపాయం చెప్పింది. చివరి రోజు తను ఆ రైలెక్కి ఫోన్లో దారంతా చూపిస్తుంది. సార్ తలూపారు. సూటు ఇస్త్రీ చెయ్యమన్నారు.

సెప్టెంబరు 30

సూటు, టై. పెట్టె ఒళ్ళో. ఆయన చూడ్డానికి ఫోను నేను పట్టుకున్నాను. తెర మీద స్టేషనంతా జనం, జెండాలు. చెల్లెలికి కిటికీ పక్క సీటు. రైలు కదిలింది. సార్ పెట్టెను ఫోను వైపు తిప్పారు, ఆవిడ చూడాలని. వరిచేలు. ఏరు. ఒక్కొక్కటీ చూపించి వాళ్ళ భాషలో ఆవిడకి చెబుతున్నారు. నాకు ఏడుపు ఆగదు, ఫోను కదిలిపోతోంది...

సొరంగం. బొమ్మ పోయింది. మళ్ళీ చేస్తే కలవదు.

ఎప్పటికో చెల్లెలే చేసింది, చేరామంటూ. సార్ తెర వైపు చూడలేదు, ఒళ్ళో పెట్టె వైపే. "తను దిగలేదు" అన్నారు, అంతే.

అక్టోబరు 2

పొద్దున అన్నం గిన్నెతో వెళ్తే పెట్టె ఉండే షెల్ఫు ముందు సార్ కింద పడి ఉన్నారు. అరిచాను. యాదగిరి పరుగున వచ్చాడు. అంబులెన్సు. స్ట్రెచర్ మీద కూడా చూపు పెట్టె మీదే. "మీ చేతికే ఇస్తాను సార్, ఇంకెవరికీ ఇవ్వను." విన్నారో లేదో.

అక్టోబరు 6

కళ్ళు తెరవలేదు.

అక్టోబరు 9

కంపెనీ వాళ్ళొచ్చారు. ఐన్ ఖాలిద్ ఏరియాలో ఉన్న ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలి, సార్ సామానంతా కార్గోలో జపాన్‌కి. అట్టపెట్టెలు, టేపు, హడావిడి. "వో డబ్బా కిస్‌కా హై?" "మేరా" అన్నాను, నాదేనని. నోటికొచ్చేసింది. కార్గోలో పడేస్తే ఎటు పోతుందో ఎవరు చూడొచ్చారు? చెల్లెలు ఫోన్లో ఏడ్చింది. ఎప్పుడు రాగలదో తెలీదట. పెట్టె నీ దగ్గర ఉంచుతావా అని యాదగిరిని అడిగితే తల గోక్కున్నాడు. "మా క్యాంప్ రూంల పదిమందిమి ఉంటం అక్కా. తెలిస్తే నన్నూ ఎల్లగొడ్తరు."

అక్టోబరు 12

మెసైమీర్ ఏరియా. నేను పనిచెయ్యాల్సిన కొత్త ఇల్లు. మేడమ్‌ది గుంటూరు. మంచావిడలాగే ఉంది, రాగానే మంచినీళ్ళిచ్చింది. హాల్లోనే పూజగది, దీపం వెలుగుతోంది. లోపల పసిపిల్ల ఏడుపు.

"సూట్‌కేసొకటేనా సత్యవతీ?"

"ఇదొకటి ఉందండీ."

"ఏముంది అందులో?"

ఫోను బండిలో మర్చిపోయానని చెప్పి వచ్చేశాను. బండిలోనే కూర్చుని రాస్తున్నాను. నిజం చెబితే ఈ ఇల్లు లేదు. చెప్పకుండా ఆ దీపం ముందు నుంచి ఎలా మోసుకెళ్ళను? సార్ సంగతి కనుక్కుందామని ఆసుపత్రికి ఫోను చేస్తే ఇంకా అలాగే ఉన్నారన్నారు.

"యల్లా అక్కా, జల్ది, బండి వాపస్ ఇయ్యాలె" అంటున్నాడు యాదగిరి. పెట్టె ఒళ్ళో బరువే లేదు. మేడమ్ గడప దగ్గరే నిలబడి ఇటే చూస్తోంది.