శ్రద్ధాంజలి పేజీ

సిరొంచ,
మహారాష్ట్ర,
సెప్టెంబర్ 2006

మా ఆశన్న కాకకు,

సోము దండాలు. మంచిర్యాలలో బిడ్డ ఇంట్లో మీ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో ముందు అడగాలి. కానీ కడుపులో మాట ఆగడం లేదు. కాకా, నేను పత్రికకు వార్తలు రాయడం మానేస్తున్నాను. మీరు అన్నేళ్లు నిలబెట్టి నా చేతికిచ్చిన పని. తిట్టండి, పడతాను.

మీ కాలంలో వార్తల కవరు నేరుగా గడ్చిరోలి పత్రికాఫీసుకు చేర్చే బస్సు డ్రైవరు చేతికి పోయేది. ఇప్పుడు ముందుగా పోలీసు ఠాణాలో చూపించాలి. కొత్త సాహెబ్ ఎర్ర పెన్నుతో గీతలు కొడతాడు. అడవి పక్క ఊరిలో జ్వరాలతో మనుషులు పోతున్నారని రాస్తే మొత్తం కొట్టేశాడు. ఇంకోసారి రాస్తే అడవిలో ఉన్నవాళ్ల మనిషివని కేసు పెడతానన్నాడు. మీ కోడలు స్వాతికి ఇప్పుడు ఏడో నెల. భయపడ్డాను కాకా. ఈ ఉత్తరం కూడా పోస్టులో వేయకుండా గోదావరి దాటే మనిషి చేతికిస్తున్నాను.

మీ
సోము

*

సిరొంచ,
అక్టోబర్ 2006

కాకా,

‘మానెయ్‌రా, పానం ముఖ్యం’ అని రాశారు. తిట్టినా బాగుండేది. ఆ మాటకు రెండు రోజులు అన్నం సహించలేదు.

వార్తలు మానినా ప్రకటనలు తీసుకుని పంపుతూనే ఉన్నాను. ఒకరోజు ఆ జ్వరాల ఊరి చిన్నక్క వచ్చింది. చనిపోయిన పెద్ద కొడుకు ఓటరు కార్డు నా ముందు పెట్టింది.

“సావుకార్లు సస్తే పేపర్ల బొమ్మ ఏస్తరు గద. నా కొడుక్కు ఎందుకెయ్యవ్? వాడేమన్న దొంగనా?”

శ్రద్ధాంజలి ప్రకటన కోసం పేరు, ఊరు, పోయిన తేదీ రాసుకున్నాను. మర్నాడు అదే ఊరి బాలన్న జ్వరంతో పోయిన తన భార్య ఫొటో తెచ్చాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు.

కవరు ఠాణాకు తీసుకుపోయి బల్ల మీద పెట్టాను. సాహెబ్ పైపైన చూసి, ప్రకటనలే కదా పట్టుకుపో అన్నాడు. ఆయన చదివేది వార్తలే!

ఆదివారం పేపర్లో సగం పేజీ నిండా ఒకే ఊరివాళ్లు, అంతా ఒకే నెలలో పోయినవాళ్లు. వార్త ఒక్క ముక్క లేదు. అయినా గడ్చిరోలిలో పెద్ద గొడవైంది. వారం తిరగకుండా ఆ ఊరికి డాక్టర్లు, మందుల జీపు వచ్చాయి. చిన్నక్క ఇంట్లో మంచం పట్టిన చిన్నకొడుకు లేచి గంజి తాగాడు. అది విన్నప్పుడు ఏడుపొచ్చింది కాకా.

సాహెబ్ పిలిపించి మరాఠీలో ఎగిరిపడ్డాడు. ఎవరు రాశారిదంతా అన్నాడు. పోయినవాళ్ల ఇంటివాళ్లే సాహెబ్, నేను చేరవేశానంతే అన్నాను. ఇకమీదట ప్రకటనలు కూడా చదువుతాడట. చదవనీ.

ఇంటికొచ్చి చెబితే స్వాతి ఇంతెత్తున లేచింది. “ఇంకెన్ని దినాలు మూతి ఏలాడేసుకుంటవ్? పోయి రాయి. నీ పరేషాన్ జూడలేక నేను సస్తున్న.”

కాబట్టి కాకా, ఈ ఒక్కసారికి మీ సలహా వినడం లేదు. రేపు వార్త కోసం ఆ ఊరికి బయలుదేరుతున్నాను. చిన్నక్కే కబురు పంపింది: “డాక్టర్లు అచ్చిన్రని రాయాలె. మంచి జరిగితే గూడ మీ సాహెబ్ గీత కొడతడా? జూద్దాం!”

మీ మాట వినని
సోము