పూలకుండీ రోజు పుట్టిన పిల్ల

జనవరి 9

మా లైబ్రరీ గుమ్మం పక్కన ఓ బల్ల ఉంది. ఏ రోజుకారోజు పుట్టిన రచయితల పుస్తకాలు, స్వరకర్తల రికార్డులు దాని మీద సర్ది, ఇవి చదవండి, ఇవి వినండి అని కార్డు రాసిపెట్టడం నా పని. ఎవరూ పుట్టని తేదీన పూలకుండీ పెడతాం.

డాక్టరమ్మ నాకిచ్చిన డేట్ ఏప్రిల్ 2. ఆ రోజు బల్ల మీదకొచ్చేది మా అందరికీ ప్రాణమైన స్వరకర్త! నీ కడుపున సంగీతం పుడుతోందమ్మా అని లైబ్రేరియన్ గారు ఇప్పుడే పార్టీ అడుగుతున్నారు. చూలుంది గానీ సోమలింగం పేరు అప్పుడే వద్దు సార్ అన్నాను.

ఫిబ్రవరి 6, సాయంత్రం

పుట్టేసింది. రెండు నెలల ముందే. గాజుపెట్టెలో పెట్టారు. గొంతులో గొట్టం. ఏడుస్తోంది, నోరు తెరుచుకుంటోంది, శబ్దం రాదు.

ఇవాళ బల్ల మీద పూలకుండీ.

ఫిబ్రవరి 7

ఏం రాయను.

ఫిబ్రవరి 8

ఇక్కడి నర్సుకి మా ఆయన హెడ్‌మాస్టరమ్మ అని పేరు పెట్టాడు. అలా ఏడుస్తూ కూర్చోకు, నీ గొంతు దానికి తెలుసు, ఏదో ఒకటి మాట్లాడు అని కసిరింది. ఏం మాట్లాడను? నాకు తెలిసిందల్లా ఆ బల్లే. మా ఆయన పరుగెత్తి ఇవాళ పుట్టిన రచయిత పుస్తకం తెచ్చాడు. దొంగల కథలు. పసిగుడ్డుకి దొంగల కథలేంటే అంది అత్తయ్య. ఇవాళ పుట్టింది ఈయనే, నేనేం చెయ్యను అత్తయ్యా అన్నాను.

చదివాను.

ఫిబ్రవరి 15

రోజుకొకరు. ఓడ ప్రయాణాలు, వంటింటి కవితలు, ఓ తత్వవేత్త (నాకే నిద్రొచ్చింది).

ఇన్నేళ్ళుగా వీళ్ళ పుట్టినరోజులు రాస్తున్నాను కదా, వీళ్ళంతా నిజంగా పుట్టారన్న సంగతి ఇవాళే తట్టింది. ఒక్కొక్కరూ ఇంతేసి ఉండేవారు. అక్షరం ముక్క రాదు, పాట రాదు. ముందు ఊపిరి తీసుకోవాలి. వాళ్ళ పక్కన ఎవరో ఇలాగే కళ్ళప్పగించి కూర్చునుంటారు. పుస్తకం పక్కన పెట్టి పిల్ల పక్కటెముకలు లేచి పడటమే చూస్తూ ఉండిపోయాను.

ఫిబ్రవరి 21

ఇన్ఫెక్షన్. ఇవాళా రేపూ గడవాలి అంది డాక్టరమ్మ.

బల్ల మీద ఇవాళ స్వరకర్త. పుస్తకం లేదు, రికార్డే. లోపల ఫోన్లు నిషేధం. మా ఆయన లైబ్రరీలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విని విని, వచ్చి పెట్టె పక్కన ఆ పాట కూనిరాగం తీశాడు. ఆయన శ్రుతి సంగతి చెప్పక్కర్లేదు. హెడ్‌మాస్టరమ్మ కసరలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడింది.

ఫిబ్రవరి 23

గడిచింది. మందు పనిచేసింది అంది డాక్టరమ్మ. పనిచేసే ఉంటుంది. పెట్టె పక్కనున్న తెర మీద ఆక్సిజన్ అంకె ఆ పాటకి నిలకడగా నిలబడటం మాత్రం నేను కళ్ళారా చూశాను.

మార్చి 4

గొట్టం తీసేశారు. గొంతు పిల్లికూనలా ఉంది. వినాలంటే చెవి ఆనించాలి.

ఏప్రిల్ 2

ఇంటికి తీసుకెళ్తూ లైబ్రరీ దగ్గర ఆగాం. బల్ల దగ్గర మా స్వరకర్త రికార్డు మోగుతోంది. పిల్ల కెవ్వుమంది. కిటికీలదిరేలా.

లైబ్రేరియన్ గారు రికార్డు ఆపేశారు. అందరం నిలబడి విన్నాం.