కొట్టేసిన మాట

సూపరింటెండెంట్ గారికి నమస్కరించి,

మా బడి పడవ నడిపే మాంగ్ సెలో ప్రశంసాపత్రంలో మీరు రాయమన్న 'కమెండ్' అనే మాట కొట్టేశాను, మన్నించాలి. అది పైవాడు కిందివాడి భుజం తట్టే మాట. 'అప్రూవ్' అందామంటే ఆయన మన అనుమతి అడగలేదు. 'ప్రెయిజ్' ఇక్కడ చర్చిలో దేవుడికే చెల్లుతుంది.

ఆ రోజు రేవు మెట్ల దగ్గర అలలకు, పడవ ఒరగకుండా పక్కన కట్టే వెదురు విరిగింది. ఆయన నీళ్ళలోకి దూకి, విరిగిన చోట తన భుజం పెట్టి, పదిహేడు మంది పిల్లలూ దిగేదాకా పీకల్లోతులో నిలబడ్డాడు. పైకొచ్చి నాతో అన్నదొక్కటే: "ఆలస్యమైంది మేడం, పిల్లలకి ఆబ్సెంట్ వేసెయ్యకండేం!"

అందుకే 'అడ్మైర్' అని రాశాను. అది తలెత్తి చూసేవాళ్ళ మాట.

మీ సంతకం ఎప్పటిలాగే కింద చేయండి సార్. ఈసారి మన చోటు అదే.