మూడో ప్రకటన

1977 నవంబరు 6, ఆదివారం
మొదటి ప్రకటన అయింది. పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని మా పేర్లు చదివారు. రూతు, కాశీరావు. ఈ పెళ్ళికి అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పమన్నారు. వెనక బెంచీలో సంపూర్ణమ్మత్తయ్య గొంతు సవరించుకుంది. గబుక్కున వెనక్కి తిరిగాను. తీరా చూస్తే ఉత్త దగ్గు! మూడు ఆదివారాలు ఇలా చదివితేగానీ గుళ్ళో పెళ్ళి చెయ్యరు. మన ల్యాబులో ఫర్నేసు కంటే ఇదే నయం, ఎప్పటికి తేలుతుందో ముందే తెలుసు అన్నాడు కాశీరావు.

నవంబరు 9
ల్యాబులో కాశీరావుతో మళ్ళీ తగువు. మా బిస్మత్ టైటనేట్ స్ఫటికం పొరలు పొరలుగా పెరుగుతుంది. కంటికి ఆనని లేజరు కాంతి అందులోంచి పోతే ఆకుపచ్చగా బయటికి రావాలి. వస్తోంది, కానీ మిణుగురంత. లాంథనం అనే లోహం కలిపితే లోపలి పోలరైజేషన్, అదే విద్యుత్తు మొగ్గే దిక్కు, వోల్టేజికి తేలిగ్గా లొంగుతుంది. అంతా ఒకే దిక్కుకు తిరిగితే వెలుగు పెరుగుతుంది. మరీ ఎక్కువైతే పోలరైజేషనే చచ్చిపోతుంది. ఎంత కలపాలన్నదే గొడవ. నేను ఇంకాస్త అంటాను. అతను చిటికెడు చాలంటాడు. వాళ్ళమ్మ చేపల పులుసులో ఉప్పేసినట్టు వెయ్యాలట. పీహెచ్‌డీ చేసేవాడు మాట్లాడే మాటేనా?
సరే, ఈసారికి అతని లెక్కే. అన్నీ కలిపిన మూస, క్రూసిబుల్, ఫర్నేసులోకి వెళ్ళింది. ఇక రెండు వారాలు మెల్లగా చల్లారాలి. ఎవరో ఒకరం పక్కనే ఉండాలి.

నవంబరు 13, ఆదివారం
రెండో ప్రకటన. ఎవరూ దగ్గలేదు.

నవంబరు 17
కాశీరావు వాళ్ళమ్మ పేరమ్మగారిది నాగాయలంక అవతల సముద్రం ఒడ్డు పల్లె. కొడుకు బాప్తిస్మం తీసుకున్నాడని ఇన్నాళ్ళూ మాట్లాడలేదు. ఇవాళ కబురంపింది. కొడుకే వచ్చి తీసుకెళ్తే మూడో ప్రకటనకు గుళ్ళో ముందు వరసలో కూర్చుంటుందట. కాశీరావు ఎగిరి గంతేశాడు. అంతలోనే నీరసపడ్డాడు, రేపట్నించి ఫర్నేసు వంతు తనది. నేను చూసుకుంటాను, పొమ్మన్నాను. గేటు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాడు. నన్ను చూడ్డానికి అనుకున్నాను. ఫర్నేసు డయలు చూసి పోయాడు.
నాకు ఒళ్ళు మండింది. నవ్వూ వచ్చింది.

నవంబరు 19, శనివారం, సాయంత్రం ఆరు
ఒకటే గాలి. కిటికీ అద్దాలు పగిలాయి. మధ్యాహ్నం కరెంటు పోయింది, రాలేదు. నేనూ అటెండరు మరియదాసూ ఫర్నేసు చుట్టూ ఇటుకలు పేర్చి, ఆస్బెస్టాస్ గుడ్డ కప్పాం. లాభం లేదు, డయలు ముల్లు పడిపోతూనే ఉంది. లోపల స్ఫటికాలు పగిలిపోయుంటాయి. కూర్చుని ఏడ్చాను. అతనికి ఏం మొహం చూపించను?

నవంబరు 20, ఆదివారం
దారి నిండా చెట్లు పడ్డాయి. ఆరాధన లేదు, ప్రకటనా లేదు. తల్లీకొడుకులు ఏ అవనిగడ్డ బస్టాండులోనో తడుస్తూ కూర్చునుంటారు.

నవంబరు 21
దివిసీమ మీదికి సముద్రం వచ్చిందంటున్నారు.

నవంబరు 22
శనివారం నేను స్ఫటికం కోసం ఏడ్చాను. స్ఫటికం కోసం!

నవంబరు 25
పులిహోర పొట్లాల లారీలో వెళ్ళాం, నేనూ మరియదాసూ. పామర్రు దాటాం, కూచిపూడి దాటాం. వరి అంతా నేలకు పడుకుంది. ఆ తర్వాత వరీ లేదు, రోడ్డూ లేదు. నడిచాం. మనుషులూ గొడ్లూ కలిసి పడి ఉన్నారు. ప్రతి మొహమూ చూశాను.
ఊరున్నచోట ఇసక ఉంది. వాళ్ళ పక్కింటి ఎల్లారావు తాటిచెట్టు పట్టుకుని బతికాడు. ఛాతీ అంతా చెక్కుకుపోయింది. శనివారం పొద్దున్నే ఇద్దరూ బస్సుకని బయల్దేరారట. పేరమ్మగారు కొత్త చీర కట్టుకుని, కోడలి కోసం రొయ్యపప్పు మూట కట్టుకుందట. బస్సు రాలేదమ్మా, తిరిగొచ్చారమ్మా అని నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.
ఇద్దరూ దొరకలేదు.

డిసెంబరు 1
పాస్టరుగారు ఇంటికొచ్చారు. జ్ఞాపకార్థ కూడిక పెడదామన్నారు. నాన్న తలూపాడు. నేను లేచి ల్యాబుకు వెళ్ళిపోయాను.
లోపల గడ్డకట్టింది కరగడానికి క్రూసిబుల్ ఆసిడ్‌లో వేశాం. అంతా పొట్టు. అడుగున ఒక్క రేకు మిగిలింది, చిటికెనవేలి గోరంత. పగులు లేదు.

డిసెంబరు 7, బెంగుళూరు
మా పాత రేకును పరీక్షించిన ఇక్కడి ల్యాబులోనే ఈ రేకును నూనెలో వేడిచేసి, వోల్టేజి పెట్టి, అలాగే చల్లార్చాం. దీపాలు ఆర్పారు. లేజరు కొట్టారు. ఎదుటి తెల్ల అట్ట మీద ఆకుపచ్చ చుక్క. మిణుగురు కాదు, గదిలో ఒకరి మొహం ఒకరికి కనపడింది. పాత రేకు కంటే ఎన్నో రెట్లు అన్నారు ప్రొఫెసరుగారు. లాంథనం అంత తక్కువ వెయ్యాలని ఎవరికి తోచిందని అడిగారు. చెప్పాను. ఆయన్నీ తీసుకురావాల్సింది కదమ్మా అన్నారు.
నేను ఓడిపోయాను కాశీరావ్. చిటికెడే చాలింది. తగువులో గెలిచావు, వచ్చి వెక్కిరించవేం?

డిసెంబరు 10
మూడోది చదవమన్నాను. పాస్టరుగారు కుదరదన్నారు. చనిపోయాడని మీ దగ్గర కాగితం ఉందా అన్నాను. లేదన్నారు. అయితే నా ప్రకటన ఒకటి బాకీ ఉంది, చదవండన్నాను. చాలాసేపు నా తల మీద చెయ్యి పెట్టి కూర్చున్నారు.

డిసెంబరు 11, ఆదివారం
చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పమన్నారు. ఎవరూ లేవలేదు.
ఇక మా పెళ్ళికి అడ్డేమీ లేదు.