నీ కాలి మీద వేసిన నింద

బావా,

నువ్వు పోయి ఏడాదైంది. మొన్న లోడుతో గుమ్మడిదల ఎత్తు ఎక్కుతుంటే మన పాత లారీ మళ్లీ మొరాయించింది. ఇంజన్ రొద పెడుతుందే గానీ బండి కదలదు. ఒకటే కాలిన వాసన. నువ్వు నడిపే రోజుల్లోనూ ఇంతే. అప్పుడు పటాన్‌చెరు లారీ అడ్డాలో, అందరి ముందూ, "క్లచ్ మీదికెల్లి కాలు తీయవా? ప్లేట్లన్నీ నువ్వే కాలవెడుతున్నవ్!" అని నీ చేతిలోంచి తాళంచెవి లాక్కున్నాను. నువ్వు వెళ్లి బొల్లారం ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరావు. మళ్లీ స్టీరింగ్ పట్టలేదు.

నిన్న మెకానిక్ యాదగిరి గేర్‌బాక్స్ దించి చూశాడు. క్లచ్ ప్లేటు ఆయిల్‌తో తడిసి నల్లబడింది.

"ఇంజన్ ఎనక ఆయిల్ సీలు ఎన్నేండ్ల సందో కారుతున్నది. గిట్లుంటే ఎవలు నడిపినా ప్లేటు జారుతది," అన్నాడు.

సీలూ ప్లేటూ రెండూ మార్పించి, నేరుగా అక్క దగ్గరికి వెళ్లి తప్పు నీది కాదని చెప్పాను. అక్క తల ఎత్తి నా వైపు చూసింది.

"అడ్డాల అందరి ముంగట అన్నవ్ గద తమ్ముడూ. నాకొక్కదానికి చెప్తే ఏమైతది?"

ఈ ఉదయం అడ్డాకు వెళ్లి అందరికీ చెప్పాను. చాలామందికి ఆ గొడవే గుర్తు లేదు బావా. నువ్వు మాత్రం దాన్ని చివరిదాకా మోశావు.