పురుగుల్లేని షెడ్డు

పుంగనూరు,
శుక్రవారం ఉదయం.

చిరంజీవి సుబ్రహ్మణ్యానికి అక్క బయ్యమ్మ దీవించి రాయడమేమంటే,

ఇక్కడ నేను క్షేమం. అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. మీ బావ పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో అందరం అంటే నేను, ఆవు. ఇద్దరం బాగున్నాం. నిన్ను చల్లగా చూడమని బోయకొండ గంగమ్మకు రోజూ దండం పెట్టుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకు రాశాడా అని ముందు భయపడ్డాను. చదివితే అర్థమైంది. "ఫోన్‌లో అడిగితే నువ్వు ఆలోచించకుండా రా అనేస్తావు అక్కా. నిదానంగా ఆలోచించుకొని నిజం రాయి" అన్నావు. నీకు సెలవు ఇచ్చారని, నీతో పనిచేసే అతను సొంతూరికి పోతే ఊరి బయటి నుంచే తిప్పి పంపారని, నువ్వు మన ఇంటికి రావచ్చా అని అడిగావు. దానికి చివర జవాబు చెబుతాను. ముందు మిగతావి.

ఆవు ఈనింది. పెయ్య. తెల్ల చుక్క ఉంది నుదుటి మీద. మల్బరీ తోటలో తుఫాను నీళ్ళు నిలిచాయి గానీ వేర్లు కుళ్ళలేదు. నా మోకాలు పరవాలేదు. గుడికి మెట్లెక్కి పోగలుగుతున్నాను.

ఇక్కడి జనం ఏమంటున్నారని అడిగావు. సముద్రం మీ అణు కరెంటు కేంద్రంలోకి వచ్చిందని, జనరేటర్లు ఆగిపోయాయని, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను బస్సులెక్కిస్తున్నారని టీవీలో చూపించిన రోజు మన ఊళ్ళో చాలా ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. ఆ గాలి ఇంత దూరం వస్తుందా అని ఒకరినొకరు అడిగారు. తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. మర్నాటికి పుంగనూరు అంగళ్ళలో ఉప్పు లేదు. ఉప్పు తింటే ఆ విషం ఒంటికి పట్టదని ఫోన్లలో వచ్చిందట. గాయాలకు పూసే టింక్చర్ కూడా అయిపోయింది. వెంకటమ్మ దాన్ని నీళ్ళలో కలిపి మనవళ్ళకు తాగించబోతే ఆసుపత్రి నర్సమ్మ లాక్కుని పారబోసింది. బావుల మీద టార్పాలిన్లు కప్పారు. మదనపల్లె మార్కెట్టుకు బయటి వ్యాపారులు రాక, టమోటాలు దారి పక్కన పోసి వచ్చారు రైతులు. ఇదంతా చూసి నేను లోపల నవ్వుకున్నాను. ఆ మాట గుర్తుపెట్టుకో.

తర్వాత, ప్రమాదం తప్పింది, బయటికి ఏమీ రాలేదు అని అదే టీవీలో చెప్పారు. మొదటి మాట నమ్మినవాళ్ళు రెండో మాట నమ్మలేదు.

నీ పెళ్ళాం బిడ్డ, శాలినీ పాపా, మన వాకిట్లోనే ఉండి వెళ్ళిపోయారని ఊరికి తెలుసు. ఆ మర్నాటి నుంచి పాల డెయిరీ మునెప్ప నా పాలు పోయించుకోవడం మానేశాడు. క్యాన్ మూత కూడా తియ్యలేదు.

"నాకేం లేదక్కా. మిగతావోళ్ళు ఒప్పుకోరు. కొన్నాళ్ళు నీ పాలు నువ్వే తాగు."

"ఒక్కదాన్ని ఎన్ని తాగల్లప్పా?"

"పెరుగు తోడెయ్యి."

"ఆ పెరుగు ఎవురు తింటారు?"

మునెప్ప తరువాతి వాళ్ళ క్యాన్ అందుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. మీ బావ పోయినప్పుడు పాడె మోసినవాడు.

ఆ వారమే గూళ్ళు తీసుకుని మదనపల్లె పట్టుగూళ్ళ మార్కెట్టుకు పోయాను. నాకంటే ముందు నా కబురు చేరింది. కొనేవాళ్ళు నా రాశి దాకా వచ్చి పక్క రాశికి పోయారు. చివరికి దారం తీసే బాబు సాహెబ్ వచ్చి ఒక గూడు తీసుకుని, లోపలి పురుగు చప్పుడు వినడానికి ఎప్పటిలాగే చెవి దగ్గర ఊపి చూశాడు.

"లోపల నీ తమ్ముడేమన్నా ఉండాడేమో అని సూస్తాండా అమ్మా" అన్నాడు.

అందరూ నవ్వారు.

"ఎట్లయినా సలసల కాగే నీళ్ళలో ఏసేదే గదా. ఏ భయముండినా ఆడ సచ్చిపోతాది" అని మొత్తం కొన్నాడు. నేనూ నవ్వాను. తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగానే వచ్చింది. సంచి పెట్టుకున్నాను అందులో.

ఇక నువ్వడిగిన ఇంకో మాట. శాలిని పుట్టింటికి కుప్పం ఎందుకు పోయింది, నా దగ్గర ఎందుకుండలేదు అని. నాకు పని ఎక్కువని పోయానని నీతో చెప్పిందట గదా. పాప పట్టుపురుగులను చూసి సంతోషపడిందా అని కూడా రాశావు. ఆ వాక్యం దగ్గర నేను ఉత్తరం మడిచి పెట్టి, దీపం వెలిగించి, మళ్ళీ వచ్చి చదివాను.

వాళ్ళు మధ్యాహ్నం బస్సుకు వచ్చారు. ఒక్క బ్యాగు. శిబిరంలో వాళ్ళకు మిషను పెట్టి చూశారు, ఏమీ లేదన్నారు. శాలిని అది చెబుతూనే గేటు తీసింది. పురుగులున్నప్పుడు మనింటి పద్ధతి నీకు తెలుసు. వాటికి రోగం తగలకూడదని, బ్లీచింగు నీళ్ళ బాండ్లిలో కాళ్ళు ముంచకుండా షెడ్డులోకి ఎవరూ పోకూడదు. బయటివాళ్ళయితే వాకిట్లోనే ఆగాలి. జాతరకు పోయి వచ్చాడని నాయన్నే గేటు దగ్గర నిలబెట్టేది అమ్మ. ఆ మాట నా నోటికి అలవాటు.

"పురుగులుండాయి శాలినీ, ఆడే నిలబడు" అన్నాను.

బాండ్లి తెచ్చి గేటు దగ్గర పెట్టాను. ఇద్దరి కాళ్ళూ ముంచమన్నాను. అంతటితో ఆగలేదు. బ్యాగు గోడవతల పెట్టించాను. చలిగాలిలో పాపను నిలబెట్టి, తల మీద నుంచి నీళ్ళు పోశాను. విస్తరాకు వేసి అరుగు మీదే అన్నం పెట్టాను. దూరంగా కూర్చున్నాను.

తింటూ తింటూ పాప ఎప్పుడు లేచిపోయిందో, షెడ్డులో తొంగిచూసి వచ్చింది.

"అత్తా, పురుగుల్లేవు గదా. ఒట్టి తట్టలుండాయి."

శాలిని నా మొహం చూడలేదు. పాప తల తుడుస్తూ, "అవి నిద్రపోతాండాయిలే అమ్మా, కనపడవు" అంది.

గూళ్ళు విప్పి ముందు రోజే షెడ్డు కడిగేశాను సుబ్రహ్మణ్యం. ఒక్క పురుగు లేదు. పురుగులు గూళ్ళు కట్టే చంద్రికలు కూడా గోడకు ఆనించి ఎండబెట్టాను, శాలిని కూర్చున్న అరుగు ముందరే. అది పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టిన పిల్ల. చూడగానే తెలిసి ఉంటుంది. "ఇంకోసారి వచ్చి ఉంటాలే వదినా" అని సాయంత్రం బస్సెక్కింది. నేను ఆగమనలేదు.

భయపడ్డాను. నా తమ్ముడి బిడ్డను చూసి భయపడ్డాను. ఉప్పు కొన్నవాళ్ళు భయమని చెప్పుకుని కొన్నారు. నేను పురుగుల పేరు పెట్టుకున్నాను. ఆ సాయంత్రం దేవుడి ముందు కూర్చుంటే నీ పేరు వచ్చింది, శాలిని పేరు పలక్కుండానే లేచాను. మునెప్ప నా పాలు వద్దన్నప్పుడు అందుకే గట్టిగా పోట్లాడలేకపోయాను.

నీ ఉత్తరం వచ్చాక, పోయిన బుధవారం కుప్పం పోయాను. శాలిని వాళ్ళమ్మ మంగమ్మ గడప దగ్గరే బాండ్లి చూపించింది.

"కాళ్ళు ముంచుకో వదినా. మాకు నిజంగానే పురుగులుండాయి."

తెలిసే అందో తెలియక అందో అడగలేదు. ముంచుకున్నాను. లోపల శాలిని తట్టల మధ్య నిలబడి చేత్తో ఆకు వేస్తోంది. పరాయి మనిషి నీడ పడితేనే కసిరే మంగమ్మ, ఆ పనంతా కూతురికే వదిలేసింది. పురుగులు బాగా తింటున్నాయి. చప్పుడు వాకిట్లోకి వినిపిస్తోంది.

"ఆ పొద్దు నా షెడ్డు ఖాళీ శాలినీ" అన్నాను.

"తెలుసు వదినా."

"తెలిసీ నిద్రపోతాండాయని యాల సెప్తివి బిడ్డకు?"

ఇంకో గుప్పెడు ఆకు వేసి అంది: "దానికి ఉండేది నువ్వొక్క అత్తవే గదా."

నాకు కూర్చోవాలనిపించింది. పురుగుల షెడ్డులో కూర్చునే చోటుండదు. మా ఇంటికి వచ్చేయమ్మా అని అడిగాను.

"నీ తమ్ముణ్ణి ముందు రానీ. ఆయప్పకూ బాండ్లి పెడతావేమో సూసి, ఆ పైన వస్తా."

నవ్వుతూ అనలేదు. కోపంగా కూడా అనలేదు. వచ్చేటప్పుడు పాప గేటు దాకా వచ్చి, మీ పురుగులు నిద్ర లేచాయా అత్తా అని అడిగింది. లేవలేదు, అవి అసలు లేవు, నేను నీకు అబద్ధం చెప్పాను అన్నాను. సరే అంది.

ఇక నీ ప్రశ్న. నువ్వు చెప్పినట్టే ఆలోచించాను. నువ్వు వస్తే ఊరు ఇప్పుడున్నదానికంటే దూరం జరుగుతుంది. మునెప్ప ఇప్పట్లో నా క్యాన్ మూత తియ్యడు. నా భయం పూర్తిగా పోయిందని కూడా రాయలేను. నిజం రాయమన్నావు. కానీ ఆ భయంతోనే నీ పక్కన కూర్చుని అన్నం తినగలను. అది మాత్రం తెలుసుకున్నాను.

ఈసారి పురుగులు తేలేదు. ఉంటే నా నోటికి మళ్ళీ ఆ మాట దొరుకుతుంది. షెడ్డు ఊడ్చి, నీకు అక్కడ గాలి బాగా వస్తుందని మంచం వేసి, మళ్ళీ తీసి నడింట్లో వేశాను. బాండ్లిని ఇసుకతో తోమి ఆవుకు కుడితి పోస్తున్నాను.

రా. పగటి బస్సుకే రా. అమ్ముడుపోని పాలన్నీ నెయ్యి చేసి పెట్టాను, చాలా ఉంది. గేటు తీసి ఉంటుంది. కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు పెడతాను. మామూలు నీళ్ళే. ఎవరొచ్చినా పెట్టేవే.

ఇట్లు,
నిన్ను ఎత్తుకుని పెంచిన అక్క,
బయ్యమ్మ.